ఎనిమిదక్షరాల సన్మానం

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్న ఆడపిల్ల అంటే, బెంగాలీల నడుమ రైల్వే పట్టణంలో తెలుగువాళ్లుండే మా ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధుల్లో సగం డాక్టరు కింద లెక్క. ఎవరింట్లో రేడియో పలకకపోయినా, గోడ గడియారం ఆగిపోయినా నన్నే పిలిచేవారు. నేనూ వెళ్లి, దాన్ని రెండుసార్లు తట్టి, గంభీరంగా తల పంకించి వచ్చేదాన్ని. (ఒక గడియారం నిజంగానే నడిచింది. నా పేరు నిలబడడానికి అది చాలు.) నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ప్రేమ్ బజార్‌లో, కాలేజీ గేటుకి కాస్త ఇవతల ఒక టైపింగు, ప్రింటింగు దుకాణంలో పని. యజమాని బెంగాలీ, అందరికీ దాదా. నాకూ దాదాయే. విద్యార్థుల లావుపాటి పుస్తకాలన్నీ ఆయన టైపు చేసేవాడు. తెలుగు పనులు నావి: పెళ్లి కార్డులు, చర్చి పాటల కాగితాలు, మా తెలుగు సంఘం నోటీసులు. తెలుగు అక్షరం దాదాకి ఒక్కటీ రాదు కాబట్టి, నా తప్పులు పట్టుకునేవాడు ఆ దుకాణంలో లేడు. నేనసలు తప్పు చేయనన్న నమ్మకం నాకు కలగడానికి బహుశా అదే కారణం.

తెలుగు టైపు చేసే ప్రోగ్రాం చాలా పాతది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, రంగూ లేదు, బొమ్మా లేదు. పాత కంప్యూటర్‌లో ఫైలుకి పేరు పెట్టాలంటే ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలే. వాటితో ఏం చెప్పగలం? నెల తిరిగేసరికి ఏ పేరు ఏ కార్డుదో నాకే తెలిసేది కాదు. అలాంటి సమయంలో దాదా కొత్త కంప్యూటర్ తెచ్చాడు. అందులో ఫైలుకి ఎంత పొడుగు పేరైనా పెట్టుకోవచ్చు. నాకు పట్టపగ్గాల్లేవు. పాత ప్రోగ్రాంలో టైపు చేయడం, బయటికి వచ్చి ఫైలు పేరు మార్చడం. ‘ఖరిదాలో ఉండే మేనత్తగారి గృహప్రవేశం కార్డు మూడోసారి దిద్దినది’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పూర్తి వాక్యం రాసి, దాన్ని చూసి మురిసిపోవడం. అయితే కొత్త కంప్యూటర్ ఎంత ఉదారమైనదైనా, అందులో నడిచే పాత ప్రోగ్రాం మాత్రం తన బుద్ధి మార్చుకోలేదు. నేను పెట్టిన వాక్యంలో మొదటి ఆరు అక్షరాలు ఉంచుకుని, మిగతాదంతా కత్తిరించి, పక్కన పాములాంటి వంకర గీత ఒకటీ, ఒక నంబరూ పెట్టి చూపించేది. మా తాత రైల్వే వర్క్‌షాపులో చేరినప్పుడు ఇదే జరిగిందట. ఆయన ఇంటిపేరూ ఊరిపేరూ రాసుకునే ఓపిక లేక గుమస్తా ‘అప్పన్న’ అని ఆపేశాడట. అప్పటికే ఒక అప్పన్న ఉన్నాడు కాబట్టి మా తాత రిటైరయ్యేదాకా అప్పన్న నంబర్ టూ.

సరే, ఆ నెలాఖరున మా కాలనీలో ఇద్దరు రిటైరయ్యారు. ఒకరు రైలు చక్రాలు బాగుచేసే వీల్‌షాపు ఫోర్‌మన్. వర్క్‌షాపు లోపలా బయటా ఆయన్ని ఉరుము గారు అనేవారు, ఆయన లేనప్పుడే అనుకోండి. ఆయన కేకేస్తే రైలు చక్రాల మోత కూడా కాస్త తగ్గినట్టుండేదట. మా నాన్న ఆయన కింద ఫిట్టరు. రెండోవారు రైల్వే ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా చేసిన సిస్టరమ్మ. మా కాలనీలో నా వయసు పిల్లల్లో సగంమంది ఆవిడ చేతుల మీదుగా పుట్టినవాళ్లమే. ఉరుము గారికి సాయంత్రం నాలుగింటికి తెలుగు సంఘం హాల్లో సన్మానం. సిస్టరమ్మకి అదే రోజు ఆరున్నరకి చర్చి పక్క హాల్లో. ఇద్దరికీ సన్మానపత్రాలు రాసింది ఒక్కరే, మా బడిలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. వాటిని కంప్యూటర్‌లో అచ్చు వేయించి, అద్దాల ఫ్రేము కట్టించే బాధ్యత మా నాన్న సంఘంలో లేచి నిలబడి మరీ నెత్తికెత్తుకున్నాడు.

“మా అమ్మి సేసీత్తాది. అక్షరం పొల్లు పోదు,” అన్నాడట. ఆ ముక్క రాత్రి భోజనాల దగ్గర అమ్మతో మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి నాకు కొంచెం భయం వేసింది గానీ, ఆ వయసులో భయం కూడా గర్వంలాగే ఉంటుంది.

రెండు పత్రాలూ టైపు చేసి, ఒకదానికి ‘సన్మానపత్రం వీల్‌షాప్ ఫోర్‌మన్ గారిది’ అనీ, రెండోదానికి ‘సన్మానపత్రం హాస్పిటల్ సిస్టరమ్మగారిది’ అనీ పేర్లు పెట్టాను. పాత ప్రోగ్రాం యథాప్రకారం రెంటినీ కత్తిరించి సన్మాన్ ఒకటి, సన్మాన్ రెండు అని చూపించింది. ఒకటి ఫోర్‌మన్‌ది, రెండు సిస్టరమ్మది. ఆ మాట ఒక చీటీ మీద రాసి జేబులో వేసుకున్నాను కూడా. చిక్కల్లా ఏమిటంటే, మంచి ప్రింటరు దుకాణం ముందు గదిలోని వేరే కంప్యూటర్‌కి ఉంది. ఫైళ్లు రెండూ ఫ్లాపీలో వేసుకుని అక్కడికి తీసుకెళ్లాలి. తీసుకెళ్లాను. కాపీ చేసేటప్పుడు ఆ యంత్రం అక్షరక్రమంలో హాస్పిటల్‌ని ముందు తీసుకుని దానికి ఒకటో నంబరు ఇచ్చింది, తర్వాత వచ్చిన వీల్‌షాపుకి రెండో నంబరు ఇచ్చింది. మనిషి వెంట పేరు వస్తుంది గానీ క్యూలో నంబరు రాదు కదా. ఇదంతా నాకు తర్వాత తెలిసిన విషయం. అప్పుడు తెలిసింది, జేబులో చీటీ ఉంది అన్నదొక్కటే.

బొమ్మల అంచూ, ఫోటో, పైన పెద్ద అక్షరాల్లో పేరూ కొత్త ప్రోగ్రాంలో ముందే రంగుల్లో వేసి ఉంచాం. ఆ కాగితాన్నే మళ్లీ ప్రింటర్‌లో పెట్టి, కింద ఖాళీలో తెలుగు పాఠం పాత ప్రోగ్రాంతో వేయాలి. ఉరుము గారి ఫోటో ఉన్న కాగితం పెట్టి ఒకటి నొక్కాను. సిస్టరమ్మ ఫోటో ఉన్నది పెట్టి రెండు నొక్కాను. చదవలేదా అని మీరడగవచ్చు. చదివాను. మొదటి పేరా చదివాను. మాస్టారు సన్మానపత్రం ఎవరికి రాసినా మొదటి పేరా ఒకటే: ‘మాన్యులకు, కన్న ఊరికి దూరమైనా కన్న భాషకు దగ్గరగా, ఇనుప పట్టాల ఈ పట్టణాన దశాబ్దాల పాటు చెమటోడ్చిన మీకు...’ అని. ఆ వాక్యం నాకు నోటికి వచ్చు. ఫ్రేము కట్టే మనిషి గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నాడు. దాదా రెండు కాగితాలూ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, “ఖూబ్ షుందొర్,” అన్నాడు. చాలా అందంగా ఉన్నాయని. అందానికి మాత్రం ఏ లోటూ లేదు.

నాలుగింటికి హాలు నిండిపోయింది. వీల్‌షాపు మొత్తం అక్కడే ఉంది. డ్యూటీ బట్టల మీదే వచ్చినవాళ్లు వెనక వరసలో. ఉరుము గారు బంతిపూల దండా శాలువా వేసుకుని కుర్చీలో బిగుసుకుని కూచున్నారు. పక్కన ఆయన భార్య, మా అందరికీ దొడ్డమ్మ. నాన్న ఇస్త్రీ చొక్కాతో వేదిక పక్కన నిలబడి, ఫ్రేము కాగితం విప్పి మాస్టారి చేతికిచ్చి, ముందు వరసలో కూచున్న నా వైపు ఒక చూపు చూశాడు. అది చూసి పక్కనున్న అత్తలిద్దరు నా వీపు నిమిరారు. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని, రాగయుక్తంగా మొదటి పేరా చదివారు. చప్పట్లు. తర్వాత రెండో పేరా అందుకున్నారు.

“మీ చేతుల మీదుగా ఈ లోకంలోకి వచ్చిన పసికందులు ఎందరో. వారి తొలి ఏడుపు విన్న భాగ్యం మీ చెవులది.”

హాల్లో ఎవరో దగ్గారు. నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక మాత్రం, నేను కూచున్న కుర్చీతో సహా భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. మాస్టారికి కంటిలో శుక్లాలు, ఒక్కో పదం కూడబలుక్కుని చదువుతారు. తను రాసిందే కాబట్టి నోరు దానంతటది నడిచిపోతోంది. తేడా తెలిసేసరికి వాక్యం మధ్యలో ఉన్నారు. ఆగి, ఫ్రేముని దగ్గరగా పెట్టుకుని పైన పేరు చూశారు, ఫోటో చూశారు, కుర్చీలో మనిషిని చూశారు. మూడూ ఒకటే. జీవితమంతా పిల్లలకి ‘ఉన్నది ఉన్నట్టు చదవండిరా’ అని చెప్పిన మనిషి. ఉన్నది ఉన్నట్టే కొనసాగించారు.

“నొప్పులతో మెలికలు తిరిగేవారి తల మీద మీరు చెయ్యి వేస్తే చాలు, సగం నొప్పి తీరేది. మీ నోట పరుషమైన మాట ఏనాడూ ఎవరూ వినలేదు.”

వెనక వరస ఇక ఆగలేకపోయింది. ఒకడు నవ్వాడు, వాడిని చూసి ఇంకొకడు, వరస తర్వాత వరస. దొడ్డమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నాన్న వైపు చూశాను. ముఖంలో రంగు లేదు. అక్షరం పొల్లు పోదని చెప్పిన మనిషి. నిజానికి ఒక్క అక్షరమూ పొల్లు పోలేదు, మనిషే మారిపోయాడు. ఆ నవ్వులో నాన్న ఒక్కడే నవ్వకుండా నిలబడి ఉంటే, అంతకు ముందు నేను చేసిన గడియారాల గొప్పతనమంతా ఒక్కసారిగా చిన్నదైపోయింది. లేచి వేదిక దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెబుదామనుకున్నాను. కాళ్లు కదల్లేదు.

కదిలింది నాన్న. మైకు అవసరం లేకుండానే, ఎడమ చెయ్యి పైకెత్తి, “ఒక మాట,” అన్నాడు. ఆ చేతికి చిటికెన వేలూ దాని పక్క వేలూ సగమే ఉంటాయి. నేను చిన్నప్పటినుంచీ చూస్తున్న చెయ్యి. మిషన్‌లో పడ్డాయని తెలుసు, అంతకు మించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. “ఈ కాగితం ఎవలదో అది తరవాత సూద్దాం. తల మీద సెయ్యేసిన మాట మటుకు నిజిం. నా యేళ్లు పోయినరోజున ఆసుపత్రికి తీసుకెల్లినంతసేపూ నా తల ఈయన ఒళ్లోనే ఉన్నాది. కేకలేసినారు, కాదన్ను. ట్రాలీ తోసినోడి మీదేసినారు, గేటు తియ్యనోడి మీదేసినారు. నా మీద యెయ్యలేదు.”

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. నాన్న చెయ్యి దించేశాడు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, “నా పెద్దోడి పెళ్లికి సెలవిచ్చి, డబల్ డ్యూటీ ఈయనే సేసినారు,” అన్నాడు. ఇంకెవరో ఇంకేదో అన్నారు. ఉరుము గారు కళ్లద్దాలు తీసి శాలువాతో తుడుచుకుంటున్నారు. శాలువా ఉన్ని వల్ల అద్దాలు ఇంకా మసకబారుతున్నాయి గానీ ఆయన ఆపలేదు. చివరికి లేచారు.

“ముప్పయ్యారేళ్లు అరిసినాను,” అన్నారు, ఆయన గొంతుకి అది చాలా చిన్న స్వరం. “అరవకపోతే ఎవుడో ఒకడి సెయ్యి పోతాదని బయం. ఇంటికాడ కూడా అదే అలవాటైపోనాది. మాస్టారు ఎవులి కాగితం సదివినారో నాకు తెల్దు. పిల్లల్ని పుట్టించినానని ఉన్నాది, అది నేను సెయ్యలేదు.” హాలంతా మళ్లీ నవ్వింది, ఈసారి ఆయనా నవ్వారు. “మిగిల్నది... ఉండనివ్వండి.”

సభ ముగిశాక నేను, నాన్న వెనక నక్కుతూ, ఆయన దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పి, ఫ్రేము ఇస్తే గంటలో సరైనది వేసి తెస్తానన్నాను. ఆయన ఫ్రేముని చంకలో ఇంకాస్త గట్టిగా పెట్టుకున్నారు.

“ఇది నేనివ్వను.”

“అది మీది కాదండి. సిస్టరమ్మగారిది,” అన్నాను.

“పైన పేరెవలది? బొమ్మెవలది?”

“మీదేనండి.”

“మరేటి?” అని నడిచి వెళ్లిపోయారు.

అప్పటికి అయిదున్నర. రెండో ఫ్రేము చర్చి హాలుకి మధ్యాహ్నమే చేరిపోయింది. సైకిలెక్కి అక్కడికి దూసుకెళ్లాను. సిస్టరమ్మ అప్పటికే వచ్చి, తన సన్మానానికి తనే కుర్చీలు వేస్తోంది. నేను రొప్పుతూ విషయం చెబితే, ఫ్రేము విప్పి చదవడం మొదలుపెట్టింది. ‘మీ కేక వినగానే షాపంతా నిశ్శబ్దమయ్యేది. వంకరపోయిన చక్రం మీ కంట పడితే తప్పించుకోలేదు. సుత్తి దెబ్బకు లొంగని ఉక్కు మీ చూపుకు తల వంచేది.’ ఆవిడ కుర్చీలో కూలబడి, పక్కటెముకలు పట్టుకుని నవ్వింది.

“ఉక్కు సంగతి తెల్దు గానమ్మీ, తాగొచ్చిన మొగుళ్లు మటుకు తలొంచినారు,” అంది. నాకు కొంచెం ఊపిరి వచ్చి, పోనీ ఇదే చదివించేద్దామా అన్నట్టు చూశాను. ఆవిడ నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది. “అలగ సూడకు. నాది నాకు కావాల. నా గురించి ఎవులైనా నాలుగు మాటలు రాత్తే ఇనాలని ఎన్నేళ్ల బట్టో ఉన్నాది. బేగెల్లి తే.”

మళ్లీ సైకిలు. ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి ప్రేమ్ బజార్‌కి ఆ దారిలో నేను అంత వేగంగా అంతకు ముందూ తొక్కలేదు, తర్వాతా తొక్కలేదు. దాదా దుకాణం తలుపు సగం దించేసి ఉన్నాడు. నా ముఖం చూసి, “కీ హొలో?” అంటూనే పైకెత్తాడు. ఏమైందో చెప్పే ఓపిక లేక, “దాదా, అన్నీ తప్పు,” అన్నాను. సిస్టరమ్మ ఫోటో కాగితం ఇంకొకటి వేసి, పాత ప్రోగ్రాంలో సన్మాన్ ఒకటి తెరిచి, ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా పైకి చదివాను. దాదాకి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా నా పక్కనే నిలబడి, చదివిన ప్రతి వాక్యానికీ “ఠీక్ హై” అన్నాడు. ఫ్రేముకి వ్యవధి లేదు. కాగితం చుట్టి, పుస్తకాలు కట్టే ఎర్ర రిబ్బను ముక్కతో కట్టి ఇచ్చాడు.

నేను చేరేసరికి ప్రార్థన ముగుస్తోంది. మాస్టారు ఆ పేరాలనే ఆ సాయంత్రం రెండోసారి చదివారు. ఈసారి కాగితం వైపు చూడనవసరం లేకపోయింది. ‘తొలి ఏడుపు విన్న భాగ్యం’ దగ్గర సిస్టరమ్మ తల వంచుకుంది. వెనక నుంచి ఒక చంటిబిడ్డ సరిగ్గా అప్పుడే ఏడ్చింది. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు దుకాణానికి దొడ్డమ్మ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను, తిట్లకి సిద్ధపడి. ఆవిడ ఎదురు బల్ల మీద కూచుని, గొంతు తగ్గించి, “ఆయన పేరు మీద రాసింది, ఆ కేకలదీ, సుత్తిదీ, అదొకటి కొట్టియ్యమ్మీ,” అంది. “ఫ్రేము ముందు గదిలో తగిలించుకున్నారు. ఒచ్చినోల్లందరికీ సూపిత్తన్నారు. నిజిందీ ఒకటి వంటింట్లో ఉండాల గదా.”

నాన్న ఆ ఆదివారం వచ్చాడు. దుకాణంలోకి ఆయన రావడం అదే మొదలు. “ఎలగ జరిగిందో సూపించు,” అన్నాడు. నేను పొడుగు పేర్లు చూపించాను, పాత ప్రోగ్రాం కత్తిరించిన పేర్లు చూపించాను, ఫ్లాపీలో వేసి నంబర్లు తారుమారవడం చూపించాను. ఆయన సగం వేళ్ల చేతిని తెర మీద ఆనించి, ఒక్కో అక్షరం లెక్కపెట్టాడు. ఆరు దగ్గర ఆగాడు.

“రెంటికీ ముందు ఒకటే మాట పెట్టినావు,” అన్నాడు. “సన్మానం, సన్మానం. తేడా ఉన్న ముక్క ఎనకాల పెడితే అది కోసేసింది. మా షాపులో ఒకేలాటి సామాను రెండుంటే, కొస మీద కొట్టం. పట్టుకోగానే సేతికి తగిలే సోట గుర్తు కొడతాం.” తెర మీంచి చెయ్యి తీసి, “తేడా ముందు రాయాలమ్మీ,” అన్నాడు.

ఆ ఒక్క మాటకి నేను నేర్చుకున్న కోర్సులో పాఠం లేదు. ఆ పూటంతా ఇద్దరం కూచుని ఫైళ్ల పేర్లన్నీ మార్చాం. ఆయన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చెబుతుంటే, నేను టైపు చేశాను. ‘ఫోర్‌మన్’ అని ముందు, ‘సన్మానం’ తర్వాత. దాదా ఇద్దరికీ టీ తెప్పించి, నాన్నతో బెంగాలీలో, మీ అమ్మాయి మంచిది, కొంచెం తొందర ఎక్కువ అని చెప్పాడు. నాన్న బెంగాలీలోనే, అది నా పోలిక అన్నాడు. (కాదు. మా ఇంట్లో తొందర నాదొక్కదానిదే.)

ఇప్పుడు ఖరిదాలో నాకో చిన్న దుకాణం ఉంది. ఫైలుకి పేరాగ్రాఫంత పేరు పెట్టినా ఏ ప్రోగ్రామూ కత్తిరించదు. అయినా తేడా ముందే రాస్తాను, అచ్చు వేసే ముందు చివరి చుక్క దాకా పైకి చదువుతాను. నా దగ్గర పనిచేసే అమ్మాయిలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. వాళ్లలో ఒకర్తె ఈమధ్య నన్ను, “మేడమ్, మీరు చిన్నప్పట్నుంచీ ఇంతేనా, ఇంత జాగ్రత్తా?” అని అడిగింది. అవునన్నాను. జేబులో చీటీ పెట్టుకుని, మొదటి పేరా మాత్రం చదివి, ప్రపంచమంతా తన అదుపులో ఉందనుకున్న ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల మీద నాకు కోపం రాదు. ఆ పిల్ల అంత తొందరపడకపోయి ఉంటే, మా నాన్న ఆ చెయ్యి పైకెత్తి నలుగురిలో నోరు విప్పి మాట్లాడగా నేను ఒక్కసారైనా వినేదాన్ని కాదు.